రుబ్బురోలు, రెండు పొత్రాలు

పై ఆఫీసు నుంచి వచ్చిన ఉత్తర్వులో ఉన్న మాట "కాగితరహితం". డివిజను ఆఫీసులో దాన్ని మళ్లీ టైపు చేసి కింది సిబ్బందికి పంపే పని గుమాస్తా కూర్మయ్యది. కూర్మయ్య ఇరవై తొమ్మిదేళ్లుగా ప్రభుత్వాన్ని దగ్గర నుంచి చూస్తున్నవాడు. కాగితం లేకుండా ప్రభుత్వం ఉండటం జరగని పని. కాబట్టి ఇది అచ్చుతప్పని తేల్చుకుని, ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా, "ర" తీసేసి "స" పెట్టాడు.

"ఇకమీదట అడవి గస్తీ యావత్తూ కాగితసహితముగా జరుగవలెను. వివరములు తరువాత పంపబడును."

వివరాలు రావడానికి ఏడు నెలలు పట్టింది. ఈ కథ చాలావరకు ఆ ఏడు నెలల్లో జరిగిందే.

కాగితసహిత గస్తీ అంటే ఏమిటో ఎవరికీ అర్థం కాకపోయినా డివిజను అధికారి నిరంజనరావు గారికి అర్థమైంది. ఆయన అప్పుడే పదిరోజుల మనోవికాస శిబిరం నుంచి తిరిగి వచ్చాడు. అక్కడ పొద్దున చెట్ల మధ్య మెల్లగా నడిపించి, సాయంత్రం రంగు కాగితాలతో బొమ్మలు మడత పెట్టించారట. దాంతో ఆయన రక్తపోటు పద్దెనిమిది పాయింట్లు దిగింది. తన రక్తపోటుకు మంచిదైనది అడవికి మాత్రం ఎందుకు మంచిది కాదని ఆయన సిబ్బందిని సమావేశపరిచి అడిగాడు. ఎవరూ కాదనలేదు.

"కాగితం అడవి బిడ్డ. ఆ బిడ్డను చేతబట్టుకుని తల్లి ఒడిలో నడవడమే ఈ ఉత్తర్వు యొక్క అంతరార్థం" అన్నాడు నిరంజనరావు గారు. "ఇకపై గస్తీ సిబ్బంది దినమునకు పన్నెండు కిలోమీటర్లు ప్రశాంతచిత్తముతో నడవాలి. కంటికి కనబడిన దానిని అక్కడికక్కడే కాగితంలో మడవాలి. ఆ మడతే నివేదిక. రాసేవాడు అబద్ధం రాయవచ్చు. మడిచేవాడు మడవలేడు."

మర్నాడే సిబ్బంది దగ్గర డైరీలన్నీ వెనక్కి తీసుకున్నారు.

దాలినాయుడి డైరీ కూడా అందులో పోయింది. ఎర్రగెడ్డ బీటులో ముప్పై ఒక్క ఏళ్లుగా వాచరు అతను. ఊరి బడిలో ఐదో తరగతి దాకా చదివాడు. "నిప్పు లేదు. దొంగ లేడు. గెడ్డలో నీరుంది." ఇలాంటివే అతని డైరీలో ఉండేవి. ఉన్నది ఉన్నట్టు రాస్తే మూడు మాటలు చాలు, నాలుగోది రాశాడంటే ఏదో దాస్తున్నట్టే అని అతని లెక్క. భార్య పోయి ఆరేళ్లు. ఆవిడ పోయిన రోజున పెట్టిన సెలవు చీటీ ఇంకా పరిశీలనలోనే ఉంది. అందుకని ఆఫీసు మీద అతనికి కోపం లేదు. నమ్మకం కూడా లేదు.

మడతలు నేర్పడానికి పట్నం నుంచి ఒకాయన వచ్చాడు. శిక్షణ ఒక్క పూటే. పొద్దుట కాసేపు నెమలి నేర్పాడు. మిగతావి రేపని చెప్పి మధ్యాహ్నం బస్సుకు వెళ్లిపోయాడు. ఆ రేపు రాలేదు. ఆ విధంగా డివిజను మొత్తానికీ నెమలి ఒక్కటే వచ్చు.

మొదటి ఐదు నెలల గస్తీల్లో అడవి నిండా నెమళ్లే కనబడ్డాయి. నిరంజనరావు గారు సంతోషించాడు.

ఆరో నెలలో దాలినాయుడికి ఎలుగు కనబడింది. ఎర్రగెడ్డ దారి మలుపులో, రాతిబండల కింద సొరంగంలోంచి బయటికి వచ్చింది. వీపు మీద రెండు పిల్లలున్నాయి. పిల్లలున్న ఎలుగు మనిషిని చూస్తే మాట్లాడుకునే రకం కాదు. అతను గాలి వాటం చూసుకుని, అడుగు వెనక అడుగు వేసుకుంటూ వచ్చేశాడు.

అతని భయం తన గురించి కాదు. కొండవాడలో పద్నాలుగిళ్ల ఆడవాళ్లు అడ్డాకులు కోయడానికి రోజూ వెళ్లేది ఆ దారినే. ఆ ఆకులతో విస్తళ్లు కుట్టడమే వాళ్ల బతుకు. తలమీద ఆకుమోపు ఉన్న మనిషి మలుపు అవతల ఏముందో చూడలేదు.

రేంజి అధికారి భుజంగం గారు డివిజను ఆఫీసు ఆవరణలోనే కూర్చుంటాడు. దాలినాయుడు సరాసరి అక్కడికి వెళ్లాడు.

"ఎర్రగెడ్డ దారిలో ఎలుగుందండి. పిల్లల తల్లి. ఆడోళ్లు ఆకుకెల్లే దారండి అది. దారి మూసి, బోర్డెట్టించాలి."

"మౌఖిక సమాచారం స్వీకరించే అధికారం నాకు లేదయ్యా. మడత ఏది?"

"నెమలొకటే నేర్పారు కదండీ."

"ఉత్తర్వులో జంతుభేదం లేదు. చూసినది మడవాలి."

నల్ల కాగితం సరఫరా కాలేదు. బూడిదరంగు కాగితం ఇచ్చారు. దాలినాయుడు వరండాలో కూర్చుని గంటన్నర మడిచాడు. గొడ్డలి పట్టిన చేతులు. కాగితం ఎటు మడిచినా గుండ్రంగా, బరువుగా వచ్చింది. పైన రెండు పిల్లల్ని కూడా మడిచి కూర్చోబెట్టి, లోపలికి తీసుకెళ్లాడు.

మడతలను గుర్తించడానికి అప్పటికే ఒక సంఘం ఏర్పాటైంది. అధ్యక్షుడు భుజంగం, సభ్యకార్యదర్శి కూర్మయ్య. ఇద్దరూ ఆ వస్తువును బల్ల మీద పెట్టి నాలుగు వైపుల నుంచీ చూశారు.

"రుబ్బురోలు" అన్నాడు భుజంగం.

"ఎలుగండి" అన్నాడు దాలినాయుడు.

"మడిచినవాడు వ్యాఖ్యానించరాదు. నియమం ఏడు."

కూర్మయ్యకు ఒక సందేహం వచ్చింది. "రోలు ఒకటే ఉంది సార్. పొత్రాలు రెండున్నాయి."

"ఒకటి విరిగితే ఇంకొకటి. ముందుచూపు ఉన్న మనిషిదై ఉంటుంది. రాసుకో."

"ఎర్రగెడ్డ మార్గమున రుబ్బురోలు ఒకటి, పొత్రములు రెండు" అని రిజిస్టరులో ఎక్కింది. రిజిస్టరు మాత్రం రాతలోనే ఉండేది. దాన్ని మడవడం ఎలాగో తేలలేదు.

ఆ సంగతి అక్కడితో పోయేదే. కానీ భుజంగం గారు పని తెలిసిన అధికారి. అడవిలో రుబ్బురోలు ఉందంటే వంట ఉంది. వంట ఉందంటే ఇల్లుంది. రిజర్వు అడవిలో ఇల్లుందంటే ఆక్రమణ. మూడోనాటికి కొండవాడలో నోటీసు అంటించారు. రుబ్బురోలు యొక్క యజమాని పొత్రములతో సహా హాజరై సంజాయిషీ చెప్పుకొనవలెనని.

వాడ తరఫున సీదరమ్మ వచ్చింది. అరవై దాటిన మనిషి. వెనకాల ఎనిమిదిమంది ఆడవాళ్లు, అందరి నడుముల్లోనూ ఆకు కోసే కత్తులు. కత్తులు వరండాలో పెట్టి రమ్మంటే పెట్టారు గానీ, నోళ్లు పెట్టలేదు.

"ఆ రోలు ఎవరిది?" అన్నాడు భుజంగం.

"ఏ రోలు బాబూ?"

"ఎర్రగెడ్డ దారి మలుపులో ఉన్నది."

"అక్కడున్నాది ఎలుగు కదేటి. మొన్న మా మరదలు సూసి, మోపక్కడే పడేసి లగెట్టుకొచ్చింది."

"రికార్డులో రోలు ఉంది."

"అయితే రికార్డులోనే పప్పు రుబ్బుకోండి బాబూ. అక్కడికెల్తే మాత్రం అదే మిమ్మల్ని రుబ్బుద్ది."

ఆడవాళ్లు నవ్వారు. కూర్మయ్య కూడా నవ్వబోయి దగ్గాడు. భుజంగం కలం తీశాడు.

"మీ వాడలో మొత్తం రోళ్లెన్ని?"

"పద్నాలుగిళ్లకీ కలిపి మూడున్నాయి. ఒకలింటికొకలు ఎల్లి రుబ్బుకుంటాం."

"ఇంటికొక రోలు ఉండటం సహజం. పద్నాలుగులో మూడు పోతే పదకొండు. అందులో ఒకటి ఎర్రగెడ్డలో దొరికింది. తక్కిన పది రోళ్లు అడవిలో ఎక్కడ దాచారు?"

సీదరమ్మ గుమ్మం దగ్గరున్న దాలినాయుడి వంక తిరిగి, "ఈ బాబుకి ఇంట్లో ఎవులూ లేరేటి?" అని అడిగింది.

పది రోళ్ల గాలింపుకు వాచర్లందరినీ పంపుతూ ఆ సాయంత్రమే ఉత్తర్వు తయారైంది.

దాలినాయుడు ఆమెను వరండాలో ఆపాడు. "అప్పా, నోటితో సెప్తే ఈళ్లకి సెల్లదు. మడవాలంట. నాకు సేతకాలేదు."

"మడవడమేటి, ఆకు మడిసినట్టే కదేటి. ఇలా తే కాయితం."

బూడిదరంగు కాగితం చూసి ఆమె మొహం చిట్లించింది. కూర్మయ్య చెత్తబుట్టలో వాడేసిన కార్బన్ కాగితాలు కనబడితే వాటిని తీసుకుంది. యాభై ఏళ్లుగా దొప్పలు మడిచిన వేళ్లవి. కాగితం వైపు చూడనైనా చూడలేదు. దారి సంగతి మాట్లాడుతూనే మడిచింది. మొదట మూపు వచ్చింది. తరవాత వంచిన తల, లోపలికి తిరిగిన గోళ్లు. వీపు మీద రెండు పిల్లలు, తల్లి జూలు పట్టుకుని. నల్లగా, నూనె మెరుపుతో. దాలినాయుడు చెయ్యి చాపి మళ్లీ వెనక్కి తీసుకున్నాడు.

"ఇది సాల్దా?" అంది సీదరమ్మ, నల్లబడిన వేళ్లు కొంగుకు తుడుచుకుంటూ.

సరిపోలేదు. మరీ ఎక్కువైంది.

సంఘం దాన్ని చూసి లేచి నిలబడింది. నిరంజనరావు గారిని పిలిపించారు. ఆయన కళ్లజోడు తుడుచుకుని మరీ చూశాడు.

"అద్భుతం. ఇది నివేదిక కాజాలదు. నివేదికలో కొంత అస్పష్టత సహజం. ఇది కళాఖండం."

"అక్కడ ఎలుగుందని సెప్పడానికే సేసిందండి ఆవిడ" అన్నాడు దాలినాయుడు.

"ఆవిడ ఉద్దేశం ఏదైనా కావచ్చు. కళ ఉద్దేశానికి అతీతం." ఆయన భుజంగం వైపు తిరిగాడు. "దీనికి అద్దాల పెట్టె చేయించండి. ఇంతటి ప్రేరణ ఇచ్చిన మార్గంలో మనందరం ఒకసారి నడవాలి. వచ్చే మంగళవారం మహానడక. కొండవాడ స్త్రీలు స్వాగతం పలకాలి."

"ఆ పెట్టెలో ఉన్నదే అక్కడుందండి" అన్నాడు దాలినాయుడు.

"అదే కదయ్యా ప్రేరణ అంటే."

"ప్రమాదమండి."

"ప్రమాదం అనేది మడవగలవా?" నిరంజనరావు గారు నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగాడు. దాలినాయుడు తన చేతులు చూసుకున్నాడు. "చూశావా. భయం, ప్రమాదం, అనుమానం వంటి వాటికి ఆమోదిత నమూనాలు లేవు. వచ్చిన తరవాత చూద్దాం."

మంగళవారం నాడు పదిహేడుమంది అధికారులు నడిచారు. అందరి నెత్తినా గడ్డి టోపీలు, అందరి చేతుల్లోనూ రంగు కాగితాల కట్టలు. ప్రతి వంద అడుగులకూ ఆగి, లోపలికి గాలి పీల్చి, బయటికి వదిలి, మళ్లీ నడవాలి. దాలినాయుడు ముందు నడుస్తూ రేకు డబ్బా మీద కర్రతో వాయించబోయాడు. ప్రశాంతచిత్తానికి భంగమని డబ్బా కింద పెట్టమన్నారు. అతను పెట్టలేదు. చంకలో పెట్టుకున్నాడు. స్వాగతం పలకవలసిన ఆడవాళ్లను ముందురోజే వాడలో ఆపేసి వచ్చాడు. అధికారులు తెలిసి వస్తున్నారు, వాళ్లిష్టం. వాడ వాళ్లకు ఆ ఇష్టం లేదు.

మలుపు దగ్గర ఎలుగు బయటికి వచ్చింది. వీపు మీద పిల్లలు కాస్త పెద్దవయ్యాయి.

అందరూ ఆగారు. నిరంజనరావు గారు కళ్లజోడు పైకి నెట్టుకుని, మెచ్చుకోలుగా, మెల్లగా అన్నాడు. "నిష్పత్తి కొంచెం ఎక్కువైంది. కానీ ముక్కు చాలా సహజంగా వచ్చింది."

ఎలుగు పిల్లల్ని దింపి, రెండు కాళ్ల మీద లేచి, ఒక్క అరుపు అరిచింది.

మహానడక మహాపరుగైంది. టోపీలు దారి పొడవునా పడ్డాయి. భుజంగం గారు దారి వదిలి పక్కనున్న దురదగొండి పొదలో దూరాడు. నిరంజనరావు గారు రక్తపోటు సంగతి మరిచిపోయి పరిగెత్తాడు. దాలినాయుడు ఉన్నచోటనే నిలబడి, దాని మొహంలోకి చూడకుండా, కళ్లు దించుకుని డబ్బా వాయించాడు. చాలాసేపు వాయించాడు. ఎలుగు గుర్రుమంటూ, పిల్లల్ని ముందు తోలుకుంటూ బండల్లోకి వెళ్లిపోయింది. అప్పుడు, ఎవరూ చూడటం లేదు గనక, కాసేపు కూర్చున్నాడు.

ఇక నయమే అనుకున్నాడు. పదిహేడుమంది చూశారు. దారి మూస్తారు.

నియమం ప్రకారం ఆ మధ్యాహ్నం పదిహేడుమందీ చూసినది మడవాలి. తలుపులు వేసుకుని మడిచారు. ఎలుగును మడిస్తే, ఎలుగును చూసి ఏం చేశారని రెండో మడత అడుగుతారు. పైగా వాళ్లకు వచ్చిన మడత నెమలి ఒక్కటే. సాయంత్రానికి బల్ల మీద పదిహేడు నెమళ్లు చేరాయి. నిరంజనరావు గారి నెమలికి ఒక తోక ఈక ఎక్కువుంది. దాలినాయుడు మళ్లీ బూడిదరంగు కాగితంతోనే మడిచాడు. సీదరమ్మ చేత మడిపిస్తే అద్దాల పెట్టెలో పెడతారని అతనికి తెలుసు.

భుజంగం ఒక చేత్తో మెడ గోక్కుంటూ రెండో చేత్తో దాన్ని తిప్పి చూశాడు. మొహం నిండా దద్దుర్లు.

"రోలు ఇంకా అక్కడే ఉందన్నమాట" అన్నాడు.

"మీరూ సూశారు కదండీ."

"నేను చూసింది నెమలి."

"నెమలికి బయపడేనాండి మీరు దూలగుండలో దూరేరు?"

"ప్రశ్న పరిధి దాటుతోంది" అన్నాడు భుజంగం, ఈసారి రెండు చేతులతోనూ గోక్కుంటూ. దాలినాయుడు అతని వీపు గోకలేదు. వేరేవాళ్లయితే గోకేవాళ్లే.

ఒక్క మలుపులో పదిహేడు నెమళ్లు కనబడటం డివిజను చరిత్రలో లేదు. నడుము పట్టేసి సెలవులో ఉన్న నిరంజనరావు గారు ఇంటి దగ్గర మంచం మీద నుంచే ఫోనులో ఉత్తర్వు పంపాడు. ఎర్రగెడ్డ మలుపును నెమళ్ల నెలవుగా గుర్తించడమైనదని, కొండవాడ స్త్రీలు "నెమలి నేస్తాలు"గా ఏర్పడి ప్రతి ఉదయం ఆరు గంటలకు ఆ మలుపులో గింజలు చల్లవలెనని, చల్లనివారికి ఆకు కోసుకునే అనుమతి రద్దగునని.

సీదరమ్మ ఆ సంగతి దాలినాయుడి చేత రెండుసార్లు చెప్పించుకుని వింది. "ఎల్తే ఎలుగు. ఎల్లకపోతే ఆకలి. అంతేనేటి?"

"అంతే అప్పా."

"ఎప్పట్నించి?"

"సోమారం నుంచి."

శనివారం నాడు పై ఆఫీసు నుంచి వివరాలు వచ్చాయి. ఏడు నెలల క్రితమే వాగ్దానం చేసినవి. ఉత్తర్వులోని మాట కాగితరహితమని, కాగితం వాడిన సిబ్బందిపై చర్య తీసుకొనబడునని అందులో ఉంది. కూర్మయ్య దాన్ని మూడుసార్లు చదివాడు.

"అయితే అది అచ్చుతప్పు కాదన్నమాట" అన్నాడు, బాధగా.

ఆఫీసులో ఒక్క పూటలో శుద్ధి జరిగింది. కాగితరూపములో నమోదైన సమస్త ప్రాణికోటి తక్షణం రద్దయింది. నెమళ్లు బస్తాల్లోకెక్కాయి. రోలు రద్దయింది, దొరకని పది రోళ్లూ రద్దయ్యాయి. అద్దాల పెట్టె పగలగొట్టి కార్బను ఎలుగును కూడా మంటలో వేశారు. అది మిగతావాటికంటే నల్లటి పొగతో కాలింది.

దాలినాయుడు భుజంగం ముందు నిలబడ్డాడు. "ఇప్పుడు ఎర్రగెడ్డ మలుపులో ఏటున్నట్టండి?"

"ఏమీ లేనట్టు."

"నెమళ్లు రద్దయ్యాయి కదండీ. మరి గింజల ఉత్తర్వు?"

భుజంగం ఫోను తీసి చూశాడు. "అది ఫోనులో వచ్చింది. కాగితరహితం. చెల్లుతుంది."

"నెమళ్లు లేకుండా గింజలెవరికండి?"

"నెమళ్లు తినాలని ఉత్తర్వులో ఎక్కడా లేదు. చల్లాలని ఉంది."

ఆదివారం పొద్దున్నే దాలినాయుడు గొడ్డలి తీసుకుని వెళ్లి రేగుకంప కొట్టాడు. కొండవాడ ఆడవాళ్లు మోసుకొచ్చారు. మలుపుకు అరమైలు ఇవతల, దారికి అడ్డంగా, ఈ గట్టు నుంచి ఆ గట్టుదాకా, మనిషెత్తున కంప వేశారు. కొండ వెనక నుంచి అడ్డతీగల దగ్గరికి ఇంకో దారి ఉంది. దూరమే గానీ ఎలుగు లేదు. సాయంత్రం దాకా తుప్పలు నరికి ఆ దారి బాగుచేశారు.

"మరి రేపు గింజలు?" అంది సీదరమ్మ.

"సల్లండి. కంపకి ఇటేపు."

సోమవారం ఆరు గంటలకు నెమలి నేస్తాలు కంపకు ఇవతల గింజలు చల్లారు. వాడలోని కోళ్లు వచ్చి తిన్నాయి. దాలినాయుడు ఫోటో తీసి పంపాడు. గింజలు నేల మీద ఉన్నాయి గనక ఆఫీసు దాన్ని ఆమోదించింది. ఫోటోలో వెనకాల కనబడుతున్న కంపను వారం తరవాత ఎవరో గమనించారు. భుజంగం గారి దగ్గర నుంచి మెమో వచ్చింది, ఫోనులోనే.

"ఏ విధమైన ప్రమాదమూ నమోదు కాని ప్రభుత్వ మార్గమునకు అడ్డముగా కంప వేయుటకు గల కారణమును మూడు దినములలో తెలుపవలెను. లేనియెడల క్రమశిక్షణా చర్య తీసుకొనబడును."

దాలినాయుడు అరుగు మీద కూర్చుని, ఒక్క వేలితో, ఊరి బడిలో నేర్పినట్టు ఒక్కొక్క అక్షరమూ కుదురుగా కొట్టాడు.

"అక్కడ ఏమీ లేదని తమరు చెప్పారు. కంప తీయడానికి సిద్ధంగా ఉన్నాను. తీసిన తరువాత దారి మంచిదేనని తేల్చడానికి తమరు ముందు నడవాలి. నేను వెనక వస్తాను. తేదీ చెప్పండి."

మూడు మాటలు దాటి రాయడం అతని సర్వీసులో అదే మొదలు.

జవాబు చదివినట్టు రెండు నీలం గీతలు వెంటనే పడ్డాయి. తేదీ రాలేదు. మూడు దినాలు గడిచాయి, మూడు నెలలు గడిచాయి. నిరంజనరావు గారు నడుము కుదురుకుని తిరిగి వచ్చాడు. ఆయనకు కూడా ఆ జవాబు పంపారట. ఆయన పేరు పక్కన కూడా నీలం గీతలే పడ్డాయి. వానాకాలానికి కంప కుళ్లితే దాలినాయుడు కొత్తది కొట్టి వేశాడు. అడగడానికి ఎవరూ రాలేదు. పిల్లలు తల్లి వీపు దిగి సొంతంగా తిరుగుతున్నాయని, అడుగుజాడలు చూసి సీదరమ్మ చెప్పింది.

ఆ ఏడాది ఎర్రగెడ్డ దారిలో ఏ మనిషికీ గాయం కాలేదు. ఈ సంగతి ఏ రికార్డులోనూ లేదు.